ఆటిజం ఉన్న రెండేళ్ల బాబుకి ఆటతో థెరపీ: పనికొస్తుందా, టైమ్ వేస్టా?

మీ బాబుకి రెండేళ్ల నాలుగు నెలలు. ఆటిజం అని రిపోర్టు వచ్చింది, ఇంకా మాటలు లేవు, పిలిస్తే తిరగడు, కారుని తిరగేసి చక్రాలు తిప్పుకుంటూ గంటలు గంటలు కూర్చుంటాడు. ఇప్పుడు తీసుకెళ్తున్న థెరపిస్టు వారానికి రెండుసార్లు గంటసేపు నేల మీద కూర్చుని వాడితో ఆడటం తప్ప ఏమీ నేర్పడం లేదని మీ బాధ. ఇంకో సెంటర్ వాళ్లేమో వారానికి 40 గంటలు టేబుల్ దగ్గర కూర్చోబెట్టి రంగులు, అంకెలు, మాటలు అన్నీ నేర్పిస్తాం, ఇప్పుడు ఆలస్యం చేస్తే ఇక మాటలు రావు అని భయపెట్టారు. ఇంట్లో అత్తగారు మగపిల్లలకి మాటలు లేటుగానే వస్తాయి, ఊరుకోమంటున్నారు. ఆటలాడితే మాటలొస్తాయా అని అడిగారు.

నేను స్పీచ్ థెరపిస్టుని, చాలా ఏళ్లుగా ఐదేళ్ల లోపు పిల్లలతోనే నా పని. ముందు సూటిగా చెప్పేస్తాను: నేల మీద కూర్చుని ఆడుతున్న ఆ థెరపిస్టుని వదులుకోకండి. కాకపోతే ఆమె ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో మీకు చెప్పడం లేదు, అది మాత్రం లోటే. ఎందుకంటే వారంలో ఆమె చేతిలో ఉండేది రెండు గంటలు, మిగతా టైమంతా వాడు మీ దగ్గరే ఉంటాడు. ఆ ఆట మీ చేతికి రాకపోతే ఎంత మంచి థెరపిస్టయినా చేయగలిగింది తక్కువ. అత్తగారి మాట సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మాటలు లేటయ్యే పిల్లలు ఉంటారు, నిజమే, కానీ వాళ్లు వేలు చూపిస్తారు, లాగి తీసుకెళ్లి చూపిస్తారు, మీ ముఖం చూసి నవ్వుతారు. మీ వాడికి మాటతో పాటు ఇవీ లేవు కాబట్టే ఆగొద్దంటున్నాను.

మాటకన్నా ముందు పిల్లల్లో ఇంకోటి వస్తుంది. ఏడాది దాటిన పిల్లాడు ఆకాశంలో విమానం చూశాడనుకోండి, వేలు పెట్టి చూపిస్తాడు, వెంటనే వెనక్కి తిరిగి అమ్మ ముఖంలోకి చూస్తాడు, మళ్లీ విమానం వైపు చూస్తాడు. వాడికి విమానం కావాలని కాదు, తను చూసింది అమ్మ కూడా చూడాలని. ఆ రెండు మూడు సెకన్లలో అమ్మ "విమానం!" అంటుంది, ఆ మాట ఆ వస్తువుకి అతుక్కుంటుంది. రోజుకి ఇలాంటివి ఎన్నో జరుగుతాయి, ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. దీన్నే జాయింట్ అటెన్షన్ అంటారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి తడబాటు ఇక్కడే మొదలవుతుంది. మీ బాబు కూడా చూస్తాడు, బహుశా మనకన్నా శ్రద్ధగా చూస్తాడు, కానీ చూసినదాన్ని మీతో పంచుకోవడం వాడికి ఇంకా తెలియలేదు. ఆ పంచుకోవడం లేకుండా కార్డులు చూపించి వంద పేర్లు నేర్పితే ఆ పేర్లు ఆ కార్డుల దగ్గరే ఉండిపోతాయి. టేబుల్ మీద "కుక్క" అని చెప్పే పిల్లాడు వీధిలో నిజం కుక్క కనిపిస్తే మనవైపు తిరిగి ఒక్క ముక్క మాట్లాడకపోవడం నేను ఎంతోమందిలో చూశాను.

ఇది నా ఒక్కదాని నమ్మకం కాదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో కోనీ కసారి, ఆమెతో పనిచేసేవాళ్లు 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. మూడు, నాలుగేళ్ల పిల్లలు 58 మంది, అందరూ అప్పటికే ఒకే థెరపీ ప్రోగ్రామ్‌లో ఉన్నవాళ్లే. లాటరీ వేసినట్టు మూడు గుంపులు చేసి ఒక గుంపుకి రోజుకి అరగంట జాయింట్ అటెన్షన్ మీద, ఇంకో గుంపుకి అరగంట బొమ్మలతో ఊహించి ఆడే ఆట మీద పనిచేశారు, మూడో గుంపుకి ఉన్న ప్రోగ్రామే నడిచింది. ఇదంతా ఐదారు వారాలే. ఏడాది తర్వాత చూస్తే మొదటి రెండు గుంపుల పిల్లలకీ మూడో గుంపుకన్నా మాటలు బాగా పెరిగాయి. ఆ పనిలోంచి పెరిగిన పద్ధతినే ఇప్పుడు జాస్పర్ అంటారు. మీ థెరపిస్టు ఆ పేరు వాడినా వాడకపోయినా, మీరు రాసిన దాన్నిబట్టి ఆమె చేస్తున్నది దానికి దగ్గరదే.

ఇక ఆ గంటలో ఏం జరుగుతుందో చెప్తాను, ఇది మీరు ఇంట్లో చేయాల్సిన పని కూడా కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. బాబు కారు తిరగేసి చక్రం తిప్పుతున్నాడు. మీకు వెంటనే ఏమనిపిస్తుంది? కారు తీసుకుని, నిలబెట్టి, "ఇలా నడపాలి నాన్నా" అని చూపించాలనిపిస్తుంది. అలా చేయకండి. అలా చేసిన ప్రతిసారీ వాడికి అర్థమయ్యేది ఒక్కటే, మనిషి దగ్గరికొస్తే ఆట పోతుంది అని. దాంతో రేపు మిమ్మల్ని చూడగానే కారు పట్టుకుని గోడ వైపు తిరుగుతాడు.

దాని బదులు వాడికి ఎదురుగా, వాడి కళ్ల ఎత్తుకి దిగండి. ఒక్కోసారి దానికోసం నేల మీద బోర్లా పడుకోవాల్సి వస్తుంది, పడుకోండి. మీ చేతిలో అలాంటిదే ఇంకో కారు ఉండాలి. వాడు తిప్పితే మీరూ మీ కారు చక్రం తిప్పండి, "జుయ్య్" అని మెల్లగా శబ్దం చేయండి. వాడు ఆపితే ఆపండి. మాట్లాడకండి, పిలవకండి, "ఇటు చూడు" అనకండి. కొందరు పిల్లలు రెండు నిమిషాల్లో, కొందరు రెండు వారాలకి, ఓరకంట ఒక చూపు విసురుతారు. ఆ చూపు మీ ముఖం మీద పడదు, మీ చేతిలో తిరిగే చక్రం మీద పడుతుంది. ప్రస్తుతానికి అది చాలు. తర్వాత ఒక రోజు వాడు కావాలనే ఆపుతాడు, ఆపి మీ కారు వైపు చూస్తాడు, మీరూ ఆపారా లేదా అని. మళ్లీ తిప్పుతాడు, మీరు తిప్పుతారు. ఈసారి చూపు మీ చేతి దగ్గర ఆగకుండా ముఖం దాకా వస్తుంది, పెదవి చివర చిన్న నవ్వు ఉంటుంది. ఎదుటి మనిషి తన ఆటలో ఉంది, తను చేస్తే ఆమె చేస్తోంది అని వాడికి తెలిసిన క్షణం అది. నాకు మొదటి మాట కన్నా ఇది పెద్ద సంగతి, దీని మీదే మాట నిలబడుతుంది.

అది కుదిరాక చిన్న మార్పు చేయండి, చాలా చిన్నది. ఒక అట్టముక్క దిండుకి ఏటవాలుగా ఆనించి మీ కారుని పైనుంచి వదలండి. వదిలేముందు "ఒకటీ... రెండూ..." అని ఆగండి, తర్వాత "పో!" అని వదలండి. ఇప్పుడు కూడా వాడి కారు ముట్టుకోకండి, మీ కారుతోనే చేయండి. వాడికి నచ్చితే దగ్గరికొస్తాడు, నచ్చకపోతే పట్టించుకోడు, అప్పుడు మళ్లీ చక్రాల దగ్గరికే వెళ్లండి. నాలుగైదు సార్లయ్యాక "ఒకటీ... రెండూ..." దగ్గర ఆగి ఊరికే ఎదురుచూడండి. పది సెకన్లు. పది సెకన్లు నిశ్శబ్దంగా ఉండటం తల్లిదండ్రులకి ఎంత కష్టమో నాకు తెలుసు, నాలుగో సెకనుకే "చెప్పు, పో అను, పో అను" అని నోరు జారిపోతుంది. ఆపుకోండి. ఆ ఖాళీలోనే వాడు ఏదో ఒకటి చేస్తాడు: చూస్తాడు, చెయ్యి ఊపుతాడు, ఒళ్లంతా ఆడిస్తాడు, "ప్" అంటాడు. ఏది చేసినా అదే జవాబు, వెంటనే కారు వదిలేయండి. "సరిగ్గా చెప్తేనే వదుల్తా" అనే బేరం ఈ వయసులో పెట్టకండి. బేరం పెడితే ఆట పరీక్ష అవుతుంది, పరీక్ష నుంచి ఏ పిల్లాడైనా లేచి పారిపోతాడు.

బొమ్మలు లేని ఆటలు ఇంకా తేలిక, బొమ్మలో మునిగిపోయే పిల్లలకి ఒక్కోసారి ఇవే ముందు పనిచేస్తాయి. దుప్పటి ముఖం మీద కప్పి తీయడం, కాళ్ల మీద కూర్చోబెట్టుకుని ఊపి ఆపేయడం, వేళ్లతో పొట్ట మీదికి "వస్తోంది... వస్తోంది..." అని నడిపించి కితకితలు పెట్టడం. ఇందులో అసలు బొమ్మ మీరే కాబట్టి వాడి చూపు వేరే వస్తువు మీదికి పోయే అవకాశం తక్కువ. ఊపి ఆపండి, ఎదురుచూడండి, వాడు ఇంకా కావాలని ఏ రకంగా అడిగినా మళ్లీ ఊపండి. కొంతమంది పిల్లలకి ముట్టుకుంటే పడదు, గట్టి శబ్దం పడదు, అలాంటివాళ్లతో కితకితలు బెడిసికొడతాయి, వాళ్లకి సబ్బు బుడగలు, బెలూన్‌లోంచి గాలి వదలడం లాంటివి నయం. బుడగల సీసా మూత గట్టిగా బిగించి వాడి దగ్గర పెట్టండి. తీయలేక మీ చేతిలో పెడితే అది మీకు చేసిన విన్నపం, సంతోషంగా "తీ!" అని తీయండి.

మాట్లాడే తీరు గురించి కూడా చెప్పాలి. మనం పిల్లలతో ఎక్కువగా ప్రశ్నలే వేస్తాం. ఇదేంటి, ఏ కలర్, కుక్క ఎలా అరుస్తుంది, అమ్మ ఏది. మాటలు లేని పిల్లాడికి ఇవన్నీ జవాబు చెప్పలేని ప్రశ్నలే. ఒక వారం పాటు ప్రశ్నలు పూర్తిగా మానేసి చూడండి. వాడు చేస్తున్నదానికి ఒక్క మాట కలపండి: పో, ఆగు, పైకి, పడింది, ధబ్, ఇంకా, తీ, రా. వాడికి ఒక్క మాట కూడా లేదు కాబట్టి మీరు ఒక్క మాటే వాడండి, రేపు వాడికి ఒక్కో మాట వచ్చాక మీరు రెండు కలపండి, "కారు పో", "పెద్ద బుడగ". వాడున్న చోటుకన్నా ఒక్క మెట్టే పైన ఉండాలి మీ మాట. ఇంకో సంగతి, ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, అది స్కూల్లో నడిచే భాషే కావాలి అని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలకి దానివల్ల నష్టం జరిగిందని పరిశోధనల్లో కనిపించలేదు. మీకు సహజంగా వచ్చే భాషలో, ముద్దుగా, రాగం తీసి మాట్లాడితేనే వాడు వింటాడు. రాని భాషలో ముక్కలు ముక్కలుగా మాట్లాడే అమ్మలో ఆ రాగం ఉండదు.

విన్నదాన్నే తిరిగి అనడం మొదలుపెడితే, టీవీలో ప్రకటన మొత్తం అప్పజెప్పినా సరే, కంగారుపడకండి. అందులో చాలాసార్లు అర్థం ఉంటుంది, అడగడానికో, భయం తగ్గించుకోవడానికో, మీతో వంతులవారీగా మాట కలపడానికో వాడతారు. ఏ సందర్భంలో ఏ వాక్యం అంటున్నాడో గమనిస్తే మీకే తెలుస్తుంది. ఎప్పటికీ నోటిమాట రాకపోతే అన్న భయం కూడా మీ ప్రశ్న వెనకాల ఉందని నాకు తెలుసు. కొందరికి చాలా ఆలస్యంగా వస్తాయి, కొందరికి తక్కువే వస్తాయి, అది దాచను. అందుకే బొమ్మల కార్డులు, చేతి సైగలు, మాట్లాడే ట్యాబ్ యాప్‌లు కూడా ఇప్పటినుంచే ఆటలో కలపొచ్చు. అవి ఇస్తే నోటిమాట రాదు అనేది అపోహ. ఐదు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఉండి మాటలు చాలా తక్కువగా ఉన్న 61 మంది పిల్లలతో 2014లో కసారి బృందమే చేసిన అధ్యయనంలో, మాట్లాడే పరికరాన్ని మొదటినుంచీ ఆటలో కలిపిన పిల్లలే తమంతట తాము ఎక్కువ మాట్లాడారు.

మీరు అడగలేదు కానీ చాలామంది తడబడేది ఇంకోచోట ఉంది. ఆటకి మెట్లు ఉంటాయి. మొదట వస్తువుని పట్టుకోవడం, కొట్టడం, తిప్పడం. తర్వాత ఒకదాన్ని ఇంకోదాంట్లో వేయడం, ఒకదానిమీద ఇంకోటి పేర్చడం, విడదీయడం. ఆపైన దువ్వెన తలకి పెట్టుకోవడం, బొమ్మ నోటికి చెంచా పెట్టడం. ఆ తర్వాతే ఖాళీ గిన్నెలో ఏదో ఉన్నట్టు ఊహించుకోవడం, చెక్కముక్కని ఫోన్ అనుకోవడం. మీ బాబు ఇప్పుడు మొదటి మెట్టు మీద ఉన్నాడు, రెండోదాని దగ్గరికొస్తున్నాడేమో. వాడి ముందు కిచెన్ సెట్టు, డాక్టర్ కిట్టు పరిచి "పాపకి జ్వరం వచ్చింది, సూది వేద్దామా" అంటే వాడికి అది గోలగానే ఉంటుంది. డబ్బాలో బంతులు వేయడం, కప్పులు పేర్చి ధబ్ మని పడగొట్టడం ఇవ్వండి. పడగొట్టడం అందరికీ ఇష్టమే, పైగా మళ్లీ పేర్చాలంటే మీరు కావాలి. గదిలో బొమ్మలు కూడా తగ్గించండి, రెండు మూడే బయట పెట్టి మిగతావి మూసి ఉంచండి, ఆ టైములో టీవీ ఆఫ్ చేయండి.

ఇప్పుడు ఆ 40 గంటల సంగతికి వద్దాం. ఆ అంకె 1987లో అమెరికా మనస్తత్వవేత్త ఐవర్ లోవాస్ ప్రచురించిన అధ్యయనం నుంచి ప్రచారంలోకి వచ్చింది. వారానికి 40 గంటలకి పైగా ఒక్కో పిల్లాడితో పనిచేసిన గుంపులో ఉన్నది 19 మంది, వాళ్లని ఇప్పటిలా లాటరీ పద్ధతిలో విడదీయలేదు. ఆ తర్వాత చాలా జరిగింది. శాలీ రోజర్స్, జెరాల్డీన్ డాసన్ తయారుచేసిన ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్ అనే పద్ధతి చాలావరకు ఆటలోనే నడుస్తుంది. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల మధ్య వయసు పిల్లలు 48 మందితో రెండేళ్లు చేసి 2010లో ఫలితాలు ఇచ్చారు. ఆ పద్ధతిలో ఉన్న పిల్లలకి ఐక్యూ పరీక్షలో సగటున 17.6 పాయింట్లు పెరిగాయి, బయట దొరికే మామూలు థెరపీలకి వెళ్లినవాళ్లకి 7. అందులో వారానికి థెరపిస్టులు చేసింది సుమారు 15 గంటలు, తల్లిదండ్రులు ఇంట్లో చేసింది ఇంచుమించు అంతే. అయితే 118 మందితో మూడు చోట్ల మళ్లీ చేసి 2019లో ఇచ్చిన ఫలితాల్లో ఐక్యూలో అంత తేడా రాలేదు, మాటల్లో మాత్రం మూడింట రెండు చోట్ల ఈ పిల్లలే ముందున్నారు. ఇది కూడా మీకు తెలియాలి, ఎవరైనా మొదటి అంకెలు మాత్రమే చూపించి అమ్మితే నమ్మేయకుండా.

గంటల విషయంలో ఇంకా స్పష్టంగా ఉంది. వారానికి 15 గంటలా 25 గంటలా, ఆట పద్ధతా లేక మరింత కట్టుదిట్టంగా నేర్పే పద్ధతా అని పోల్చి 87 మంది చిన్నపిల్లలతో చేసిన అధ్యయనం 2021లో వచ్చింది, మొత్తంమీద ఏ గుంపుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. 2024లో 144 అధ్యయనాలు, 9038 మంది పిల్లల లెక్కలు కలిపి చూసినా గంటలు పెరిగేకొద్దీ ఫలితం పెరుగుతుందనడానికి ఆధారం దొరకలేదు. అలాగని టేబుల్ దగ్గర నేర్పడం చెడ్డదని నేను అనడం లేదు, కొంతమంది పిల్లలకి కొన్ని పనులు అలా తొందరగా వస్తాయి. నేను అంటున్నది, 40 గంటలు చేయించకపోతే పిల్లాడు చేజారిపోయాడు అన్న భయం మీరు పెట్టుకోనక్కర్లేదని. పైగా రెండేళ్ల పిల్లాడికి నిద్ర కావాలి, తిండి కావాలి, ఊరికే దొర్లే టైము కావాలి. వారానికి 40 గంటలంటే పెద్దవాళ్ల ఆఫీసు ఉద్యోగం.

తల్లిదండ్రుల పాత్ర గురించి ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే దానికీ ఆధారం ఉంది. బ్రిటన్‌లో జోనాథన్ గ్రీన్ బృందం ప్యాక్ట్ అనే పద్ధతి పెట్టింది. థెరపిస్టు పిల్లాడికి ఏమీ నేర్పరు. అమ్మో నాన్నో పిల్లాడితో ఆడుతుంటే వీడియో తీసి, తర్వాత ఇద్దరూ కూర్చుని ఆ వీడియో చూస్తారు: ఇదిగో ఇక్కడ వాడు మీవైపు చూశాడు, మీరు గమనించలేదు, ఇక్కడ మీరు ఆగారు, వాడు నవ్వాడు. అంతే. 152 మంది పిల్లలతో చేస్తే 2010లో వచ్చిన ఫలితాల్లో తల్లిదండ్రుల స్పందన బాగా మెరుగుపడింది, ఆటిజం లక్షణాల్లో తేడా చిన్నదే. కానీ దాదాపు ఆరేళ్ల తర్వాత మళ్లీ చూసి 2016లో చెప్పినప్పుడు లక్షణాల తీవ్రత ఆ పిల్లల్లోనే తక్కువగా ఉంది. అదే పద్ధతిని గోవాలో, పాకిస్తాన్‌లోని రావల్పిండిలో స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలకి నేర్పి 65 కుటుంబాలతో చేశారు, ఆ ఫలితాలూ 2016లోనే వచ్చాయి. అక్కడ కూడా తల్లిదండ్రులు పిల్లాడికి తగ్గట్టు స్పందించడం, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగాయి. అంటే ఖరీదైన సెంటర్ లేకపోయినా ఈ పని జరుగుతుంది.

ఇది చదివి రోజంతా నేను థెరపీ చేస్తూ కూర్చోవాలేమో అని టెన్షన్ పడకండి. పది నిమిషాల చొప్పున రోజుకి మూడు నాలుగు సార్లు నేల మీద ఆట చాలు, మిగతాది ఎలాగూ చేసే పనుల్లో కలిపేయండి. స్నానం చేయించేటప్పుడు చెంబుతో నీళ్లు ఎత్తి "ఒకటీ... రెండూ..." అని ఆగొచ్చు. చొక్కా తల దగ్గర ఆపి "బాబు ఏడీ?" అనొచ్చు, ఈ ఒక్క ప్రశ్న పర్వాలేదు, జవాబు మీరే చెప్తారు కాబట్టి. మీవారు, అత్తగారు, పక్కింటి పిల్లలు ఎవరు ఆడినా మంచిదే, నిజానికి అత్తగారికి మీ అందరికన్నా ఓపిక ఎక్కువ ఉండొచ్చు, ఆమెకి దుప్పటి ఆట అప్పగించండి. ఒంట్లో బాగోలేని రోజు, మనసు బాగోలేని రోజు మానేయండి. వాడికి ఆటిజం మీ పెంపకం వల్ల రాలేదు, మీరు ఉద్యోగం చేయడం వల్ల రాలేదు, ఫోన్ చూపించడం వల్ల రాలేదు. ఒకప్పుడు తల్లుల ప్రేమ చాలకే వస్తుందని పెద్ద డాక్టర్లే రాశారు, అది పూర్తిగా తప్పని తేలి దశాబ్దాలైంది. ఫోన్ తగ్గించమని నేను అనేది ఎందుకంటే అది ఉన్నంతసేపు మీతో ఆడే టైము పోతుంది, అంతే.

కొన్ని చేయకండి. గడ్డం పట్టుకుని ముఖం తిప్పి కళ్లలోకి చూడమనకండి. పెద్దవాళ్లయిన ఆటిస్టిక్ వ్యక్తులు చాలామంది అలా కళ్లలోకి చూడటం తమకి ఎంత ఇబ్బందో చెప్పారు, రాశారు. వాడంతట వాడు చూసిన ఒక్క చూపు, బలవంతంగా చూపించిన వందకన్నా ఎక్కువ. చేతులు ఆడిస్తే, గుండ్రంగా తిరిగితే, బొమ్మలు వరుసగా పేర్చితే ఆపకండి, వాడికి దెబ్బ తగిలే పనైతే తప్ప. అది వాడికి సంతోషమో, ఊరటో. వరుసగా పేర్చుతుంటే పక్కన కూర్చుని తర్వాతి కారు అందించండి, మీరు కూడా ఆ వరుసలో భాగమవుతారు. ముఖం పక్కకి తిప్పుకున్నా, చెవులు మూసుకున్నా, ఒళ్లు బిగుసుకున్నా ఆట ఆపేయండి, అది వాడు చెప్పే "చాలు". "చాలు" అంటే అమ్మ వింటుంది అని తెలిసిన పిల్లాడికే "ఇంకా" అని అడగాలనిపిస్తుంది.

థెరపీ బాగా నడుస్తోందో లేదో మాటలు లెక్కపెట్టి చూడకండి, నిరాశ పడతారు. నెలకోసారి ఒకే బొమ్మతో, ఒకే చోట ఐదు నిమిషాలు వీడియో తీసి పెట్టుకోండి. పాత వీడియో పక్కన పెట్టి చూడండి: మీతో కలిసి ఆటలో ఉన్న సమయం పెరిగిందా, మీవైపు ఎన్నిసార్లు చూశాడు, ఏదైనా తెచ్చి మీ చేతిలో పెట్టాడా, చూపించాడా, మీరు చేసినది తిరిగి చేశాడా, ఏదైనా శబ్దం కొత్తగా వచ్చిందా. రోజూ దగ్గరుండి చూసేవాళ్లకి ఈ మార్పులు కనపడవు, వీడియోలో కనపడతాయి. మూడు నెలలు నిజంగా చేసినా ఇందులో ఏదీ కదలకపోతే అప్పుడు థెరపిస్టుతో కూర్చుని పద్ధతి మార్చమనండి, మంచి థెరపిస్టు దానికి కోపం తెచ్చుకోదు.

వినికిడి పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. పిలిస్తే పలకని ప్రతి పిల్లాడికీ ముందు అది చేయాలి, ఇంట్లో పళ్లెం మోగిస్తే తిరిగాడు అన్నది లెక్కలోకి రాదు. నిద్ర సరిగ్గా లేకపోయినా, మలబద్ధకం ఉన్నా, మధ్యమధ్యలో చూపు నిలిపి ఉలుకూపలుకూ లేకుండా ఉండిపోతున్నా పిల్లల డాక్టరుకి చెప్పండి, ఒంట్లో బాధ ఉన్న పిల్లాడు ఆటకి రాడు. ఇన్ని నెలల్లో ఆటిజం పోగొడతాం అని గ్యారంటీ ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఒంట్లోంచి లోహాలు తీసేస్తామని మందులెక్కించే చికిత్స ఆటిజానికి పనిచేయదు, పైగా దానివల్ల ప్రాణాలు పోయిన సందర్భం కూడా ఉంది. థెరపీ సెంటర్లలో కూడా తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వనివి, గంటసేపు పిల్లాడు ఏడుస్తున్నా "అలవాటవుతుంది" అనేవి వదిలేయండి.

వచ్చే సెషన్‌కి బయట కుర్చీలో కూర్చోకుండా లోపలికి వెళ్లి నేల మీద కూర్చోండి. థెరపిస్టుని ఇవి అడగండి: ఇప్పుడు బాబుతో దేనికోసం పనిచేస్తున్నాం, రాసిస్తారా? ఈ ఆటలో మీరు ఎక్కడ ఆగుతున్నారు, ఎందుకు ఆగుతున్నారు? ఇప్పుడు నేను ఆడతాను, మీరు చూసి ఎక్కడ తొందరపడుతున్నానో చెప్తారా? మొదటి రెండు ప్రశ్నలకి ఆమె దగ్గర జవాబు ఉంటే, మూడోదానికి పక్కకి జరిగి మీకు చోటిస్తే, మీరు సరైన చోటే ఉన్నారు. ఆమె ఏమందో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి ఇంట్లో ఏ ఆటతో మొదలుపెట్టాలో చెప్తాను.